అరుదైన రుగ్మతల బిడ్డలు – గ్రామ పంచాయతీ బాధ్యత

(కనకమామిడిలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశమనగా మురుగు కాలువ, వీధి దీపము, మంచినీటి గొట్టము మున్నగు విషయములు చర్చకు వచ్చుట పరిపాటి. ఇవి ఊరందరికి పనికివచ్చు పనులు. నేడు మేము ప్రస్తావించుచున్న విషయమట్టిది కాదు. ఇది ఊరిలో ఏ రెండు మూడిండ్లకో సంబంధించినది. పుట్టుకతోనే ఏదో ఒక లోపముతో, లేదా వైద్యులకు సైతము తఱచుగా కనబడని రుగ్మతతో పుట్టిన బిడ్డల సంగతి ఇది. రెండిండ్ల సంగతికి పంచాయతీ ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. ఒక్కొక్క రుగ్మతను విడిగా చూచినచో అది అరుదైనదే. కాని లోకములో ఇట్టి అరుదైన వ్యాధులు 6,000కు పైగా కలవు. వానిలో అధిక భాగము వంశబీజములలోని మార్పుల వలన కలుగునవి. పుట్టిన ప్రతి 100 మంది బిడ్డలలో ఇద్దరికో ముగ్గురికో చెప్పుకోదగిన లోపమేదో ఒకటి ఉండుననుట వైద్యశాస్త్రము ఎఱిగిన మాట. కావున రుగ్మత అరుదైనను, రుగ్మత గల బిడ్డ లేని ఊరు మాత్రము అరుదు.

మొయినాబాదుకును చేవెళ్లకును మధ్యగల బస్సు స్టేజీలలో ఉదయము పూట ఒక గంట నిలిచి చూడుడు. పూలగంపలతో, కూరగాయల మూటలతో పట్నము పోవువారి నడుమ, చంకలో బిడ్డతో, చేతిలో ఒక ప్లాస్టికు సంచితో నిలిచిన తల్లి ఎపుడో ఒకపుడు కనబడును. ఆ సంచిలో ఉన్నవి చీటీలు, రక్తపరీక్షల కాగితములు, నల్లని ఎక్స్‌రే ఫిల్ములు. ఆమె ఎక్కడికి పోవుచున్నదో, ఎన్ని చోట్లకు పోవలసి యున్నదో ఆలోచింతము.

ఉదాహరణకు డౌన్ సిండ్రోముతో పుట్టిన బిడ్డను తీసికొందము. ఇది అంత అరుదైనది కాదు. సుమారు 700, 800 కాన్పులకు ఒకటి చొప్పున సంభవించును. ఈ బిడ్డలలో దాదాపు సగము మందికి గుండెలో లోపముండును. థైరాయిడు గ్రంథి మందగించుట, వినికిడి తగ్గుట, కంటిచూపు దోషములు కూడ వీరిలో హెచ్చు. కావున పిల్లల వైద్యమునకు నిలోఫరు ఆసుపత్రి. గుండెకు మరియొక ఆసుపత్రి. చెవికి కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి. కంటికి బంజారా హిల్సులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. జన్యు పరీక్షకు బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యు సంస్థ. నడక, మాట, చేతిపని నేర్పుటకు సికిందరాబాదు మనోవికాస్ నగరులో 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ. ఇన్ని మంచి సంస్థలు మనకు ఒక బస్సు ప్రయాణపు దూరములో ఉండుట అదృష్టమే. ఆదిలాబాదు తల్లికి ఈ సదుపాయము లేదు. ఒక్కొక్క సంస్థ తన పనిలో దిట్ట. అయితే కంటి వైద్యుడు చెప్పినది గుండె వైద్యునకు తెలుపువారెవరు? గుండె వైద్యుడు వద్దన్న మందును మన ఊరి ఆర్.ఎం.పి.కి చెప్పువారెవరు? ఆ తల్లియే. పెద్ద పెద్ద వైద్యుల నడుమ వర్తమానములు మోయు తపాలా బంట్రోతు పని, రాత్రులు నిద్రలేక కూలి పోగొట్టుకొనిన ఆ తల్లి నెత్తిన పడియున్నది. ఆమెకు ఆ కాగితములను చదువ శక్యము కాదు. చదువు వచ్చిన వారికిని ఆ దస్తూరి చదువుట సులభము కాదు లెండి.

ఈ బిడ్డలకు వైద్యము చేయుట పంచాయతీ పని కాదు, చేయజాలదు కూడ. వర్తమానము తప్పిపోకుండ చూచుట మాత్రము పంచాయతీ చేయగల పని. మేము చెప్పదలచినది ఈ ఒక్క సంగతియే. ఎవరు, ఎవరికి, ఏమి, ఎపుడు చెప్పవలెను అనుదానిని ఊరిలో స్థిరపరచినచో, బిడ్డకు జరుగు మేలు చాల పెద్దది. అది ఎట్లో వివరింతుము.

మొదట కాలమును గూర్చి చెప్పవలెను. కొన్ని లోపములకు గడువు కలదు. పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు వచ్చి 14 దినములు దాటినను పోక, మలము సుద్దవలె తెల్లగా వచ్చుచున్నచో, కాలేయము నుండి పైత్యరసము దిగు నాళములు మూసికొనిపోయి యుండవచ్చును. దీనికి శస్త్రచికిత్స కలదు. అది 60 దినముల లోపల జరిగినచో ఫలము మెరుగు. ఎండలో పడుకోబెట్టి, పసరు పోయించి, మూడవ నెలలో ఆసుపత్రికి పోయినవారికి చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లే యగును. కంటిపాపలో తెల్లని మచ్చతో పుట్టిన బిడ్డకు శుక్లము తొలి రెండు నెలలలో తీయవలెను. కాలము మించినచో కన్ను బాగుపడినను మెదడు చూపును నేర్వదు. థైరాయిడు లేమితో పుట్టిన బిడ్డకు మొదటి రెండు వారములలోనే మాత్ర మొదలిడినచో బుద్ధి వికాసమునకు లోటుండదు. ఆ మాత్ర ఖరీదు స్వల్పము. ఆలస్యమైనచో పోయిన బుద్ధిని ఏ ధనమును తిరిగి తేజాలదు.

హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులకు మడమ నుండి రక్తపు బొట్టు తీసి పరీక్షించి, ఆ ఫలితములను 2004లో ప్రకటించినారు. థైరాయిడు లేమి 1,700 మందికి ఒకరిలోను, అడ్రినల్ గ్రంథి లోపము 2,575 మందికి ఒకరిలోను కనబడినవి. పుట్టినపుడు చూచినచో ఆ బిడ్డలలో చాలమంది చక్కని బిడ్డలే. ఏ లోపమును పైకి కనబడదు. అందుచేతనే కాన్పు జరిగిన ఆసుపత్రిలో ఈ రక్తపరీక్ష సౌకర్యము ఉన్నదా యని అడుగుట ఆశా కార్యకర్తలు అలవాటు చేసికొనవలెను.

ఇక పైకి కనబడు లోపములలో మాట వలన జరుగు కీడును గమనింపుడు. పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాషలో గ్రహణపు మొర్రి యని పేరు. ఆ పేరులోనే తల్లి మీద నేరము మోపబడియున్నది. గ్రహణము నాడు కత్తిపీట పట్టినదనియో, వెలుపలికి వచ్చినదనియో అత్తగారు, ఇరుగు పొరుగు ఆమెను నిందింతురు. పై పెదవి గర్భములో 4 నుండి 7 వారముల నడుమ కలిసికొనును; అంగిలి 6 నుండి 9 వారముల నడుమ మూసికొనును. పలువురు స్త్రీలకు తాము గర్భవతులమని రూఢిగా తెలియుటకు ముందే ఈ పని ముగియుచున్నది. భూమి మీద ఎక్కడో ఒకచోట ఏటేట కనీసము రెండు సూర్యగ్రహణములు వచ్చుచునే యుండును. ఆ నెలలలో కడుపుతో నున్న అసంఖ్యాకులైన తల్లులకు పెదవి చీలని బిడ్డలే పుట్టుచున్నారు గదా. పేరును మార్చుట మన వశము కాకపోవచ్చును. ఆ నిందను మాత్రము పంచాయతీ సభ్యుడు తన నోటితో మాన్పవచ్చును. నింద పడిన తల్లి బిడ్డను కొంగు చాటున దాచును. దాచిన బిడ్డ పాలు త్రాగలేక చిక్కిపోవును. చీలిన పెదవితో, అంగిలితో చన్ను చీకుట కష్టము. తల్లి పాలను పిండి, బిడ్డ తలను ఎత్తి పట్టి, మన ఇండ్లలోని ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పోయవలెను. 3 నుండి 6 నెలల వయస్సులో పెదవికి, 9 నుండి 18 నెలల నడుమ అంగిలికి శస్త్రచికిత్స జరుగును. అప్పటికి బిడ్డ తగిన బరువు పెరిగి యుండవలెను. ఉగ్గుగిన్నె సంగతి ఎవరును చెప్పక, బరువు చాలక, శస్త్రచికిత్స వెనుకబడిన బిడ్డలు కలరు.

వంకర పాదముల విషయము మరియొక రీతి. తొలి వారములలోనే వారమునకొక పట్టీ వేసి మార్చుచు, పాదమును మెల్లగా సరిచేయుదురు. చాలమందికి పెద్ద శస్త్రచికిత్స అక్కరలేదు. రెండు మూడు నెలలలో పాదము చక్కనగును. ఇంటిల్లిపాది సంతోషింతురు. అక్కడనే పొరపాటు జరుగును. పిమ్మట నాలుగేండ్ల వయస్సు వరకు రాత్రిపూట కమ్మీతో కలిపిన బూట్లు తొడుగవలెను. బిడ్డ ఏడ్చుచున్నదని నాయనమ్మ వానిని తీసివేయును. పాదము మరల వంగును. వైద్యుడు ఆ మాట తల్లికి చెప్పియే యుండును. నాయనమ్మకు చెప్పినవారు లేరు. కావున మేము అంగన్‌వాడీ టీచర్లకు చెప్పు మాట యేమనగా, బిడ్డను ఇంట నిజముగా పెంచువారెవరో తెలిసికొని, ఆమెనే పిలిచి చెప్పుడు.

ప్రభుత్వము తరపున ఏర్పాటు లేకపోలేదు. 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము మొదలైనది. పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు పిల్లలలో 30 రకముల ఆరోగ్య లోపములను వెదకి పట్టుట దాని పని. వానిలో 9 పుట్టుకతో వచ్చు లోపములు. తొలి ఆరు వారములలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడవలెను. పిమ్మట సంచార వైద్య బృందము అంగన్‌వాడీకి ఏటికి రెండు మారులు, ప్రభుత్వ పాఠశాలకు ఏటికొక మారు వచ్చును. అనుమానము గల బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. ఏర్పాటు మంచిదే. కాని అంగన్‌వాడీలో పేరు లేని బిడ్డను ఆ బృందము ఎట్లు చూడగలదు? ఇటుక బట్టీలకు, కోళ్ల ఫారములకు వచ్చిన పరజిల్లాల వారి పిల్లలు, ఫారం హౌసులలో కాపలా కాయుటకు వచ్చిన కుటుంబముల పిల్లలు ఏ పట్టికలోను లేరు. ప్రైవేటు బడికి పోవు బిడ్డ కూడ ఆ దినమున కనబడడు. బడికే పంపక ఇంట కూర్చుండబెట్టిన బిడ్డ అసలే కనబడడు. పరీక్ష ఎక్కువ అవసరమైనది ఆ బిడ్డకే. వైద్య బృందము వచ్చు దినమును ముందుగా తెలిసికొని, ప్రతి వార్డు సభ్యుడు తన వార్డులోని ఇట్టి ఇండ్లకు పోయి పిలుచుకొని వచ్చినచో చాలును. దీనికి తీర్మానము కూడ అక్కరలేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మన ఆచారములో ఉన్నది. తొలి కాన్పు పుట్టింట జరుగుట మన వాడుక. కనకమామిడి కోడలు కాన్పునకు వికారాబాదు వైపో, శంకరపల్లి వైపో పుట్టింటికి పోవును. కాన్పు ఏ పట్నపు ఆసుపత్రిలోనో జరుగును. పుట్టుక నమోదు అక్కడనే యగును. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో చూడవలెను. ఆమెకు ఈ అమ్మాయి పేరు గర్భిణుల పట్టికలో లేదు. మన పట్టికలో ఉన్నది. మన ఆశా కార్యకర్తకు బిడ్డ కనబడునది మూడవ నెలలోనో, అయిదవ నెలలోనో తొట్టెల వేడుక ముగిసిన పిమ్మటనే. ఇంతకు ముందు మేము చెప్పిన 14 దినములు, 60 దినములు, రెండు నెలలు అన్నియు ఈ రెండూళ్ల నడుమనే జారిపోవుచున్నవి. ఇందులో ఎవరి తప్పును లేదు. పుట్టిల్లు ఆడబిడ్డకు అండయే. అయినను బిడ్డ ఎవరి లెక్కలోను లేని కాలము అది.

దీనికి మందు సులభము. కోడలు కాన్పునకు పోవు దినముననే మన ఆశా కార్యకర్త ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోను చేసి పేరు, నెల, ఇల్లు చెప్పవలెను. అట్లే మన ఊరి ఆడబిడ్డ ఇక్కడ కాన్పు పోసికొని అత్తింటికి పోవునపుడు, బిడ్డను గూర్చి తెలిసిన దంతయు ఒక కాగితముపై వ్రాసి ఆమెకు ఇచ్చి పంపవలెను. ఆడబిడ్డను సాగనంపునపుడు ఒడిబియ్యము పోయుదుము గదా. ఆ ఒడిలోనే తల్లీబిడ్డల సంరక్షణ కార్డును, ఈ కాగితమును కూడ పెట్టుడు.

ఈ కాగితమును గూర్చియే మేము కొంత విస్తరించి చెప్పవలసియున్నది. అడ్రినల్ గ్రంథి లోపమును గూర్చి చెప్పితిమి. ఆ బిడ్డ దినదినము మాత్ర వేసికొని మన పిల్లలవలెనే ఆడుకొనును. కాని జ్వరము తగిలినను, వాంతులు పట్టినను ఆ బిడ్డకు మామూలు మోతాదు చాలదు. వైద్యుడు ముందుగా వ్రాసియిచ్చిన విధముగా మోతాదు పెంచవలెను. మాత్ర కడుపులో నిలువకున్నచో సూది ద్వారా ఈయవలెను. లేనిచో కొన్ని గంటలలో ప్రాణాపాయము. రాత్రి రెండు గంటలకు 108 వాహనము వచ్చును. అందులోని సిబ్బందికి ఈ జబ్బు పేరు వినియుండుట అరుదు. తల్లి భయముతో మాట పెగలక, "దినాం ఏదో గోలి ఏస్తం సారూ" అనును. వారు సాధారణ వాంతుల వైద్యము మొదలిడుదురు. అదే సమయమున ఒక కాగితము చేతికి వచ్చినచో ఆ బిడ్డ బ్రదుకును.

హిమోఫీలియా గల బాలుని సంగతి చూడుడు. ఆ బాలునకు రక్తము గడ్డకట్టదు. జ్వరమునకు మన ఊరిలో అలవాటుగా పిఱ్ఱకు వేయు సూది అతనికి అపాయకరము. కండలో రక్తము చేరి ఉబ్బును. ఆస్పిరిన్ వంటి మాత్రలు కూడ పనికిరావు. ఇది ఆర్.ఎం.పి.కి, మందుల దుకాణము వానికి, బడిలో వ్యాయామము చేయించు పంతులుకు తెలిసియుండవలెను. కొన్ని జీర్ణక్రియా లోపములు గల బిడ్డలు ఒక పూట పస్తున్నను స్పృహ తప్పుదురు; ఆ బిడ్డను జాతరకు తీసికొనిపోవు మేనమామకు అది తెలియవలెను.

కావున ఇట్టి ప్రతి బిడ్డకును ఒక పుట కాగితము ఉండవలెనని మా ప్రార్థన. పెద్ద దస్త్రము కాదు, ఒకే ఒక పుట. ఒక వైపు తెలుగులోను, వెనుక వైపు ఇంగ్లీషులోను ఉండవలెను. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, రక్తపు గ్రూపు, జబ్బు పేరు, దినదినము వాడు మందులు, ఈయగూడని మందులు, జ్వరము వచ్చినచో చేయవలసిన పని, చూచుచున్న వైద్యుని ఫోను సంఖ్య. దీనిని వ్రాయవలసినది చికిత్స చేయు వైద్యుడే. మనము వ్రాయగూడదు, ఒక్క సున్న తప్పినను ప్రమాదము. మనము చేయవలసినది, మరుసటి మారు ఆసుపత్రికి పోవునపుడు ఖాళీ నమూనాను తల్లి చేతికిచ్చి, వైద్యునిచే నింపించి తెమ్మనుట. పిమ్మట తల్లిదండ్రుల సమ్మతితో నకళ్లు తీసి ఆశా కార్యకర్త వద్ద ఒకటి, అంగన్‌వాడీలోనో బడిలోనో ఒకటి, మొయినాబాదు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఒకటి ఉంచవలెను. అసలు కాగితము ఇంటిలో, అందరికి తెలిసిన ఒకే చోట, పిల్లల చేతికందనంత ఎత్తున ఉండవలెను. మోతాదు మారినపుడెల్ల పాత నకళ్లను చింపి క్రొత్తవి పెట్టవలెను. ఈ చివరి పనినే సాధారణముగా మఱతురు.

పని ఎవరిదో నిర్ణయింపనిచో అది ఎవరిదియు కాకుండ పోవును. కనుక ప్రతి బిడ్డకు ఊరిలో ఒక మనిషి బాధ్యురాలుగా ఉండవలెను. ఆశా కార్యకర్తయే కావలెనని లేదు. ఆమెకు ఇప్పటికే పని అధికము. చదువుకొనిన పొరుగింటి అమ్మాయి కావచ్చును, పదవీ విరమణ చేసిన పంతులు కావచ్చును. తల్లిదండ్రులు కోరిన మనిషి కావలెను. పంచాయతీ నియమించిన మనిషి కాదు. ఆసుపత్రికి పోవలసిన తేదీలను గుర్తుచేయుట, వీలైనచో రెండు ఆసుపత్రుల పనిని ఒకే ప్రయాణములో కలుపుట, వైద్యుని అడుగవలసిన ప్రశ్నలను ముందు దినము కూర్చుండి వ్రాసియిచ్చుట ఆమె పని. కూలి చేసికొను కుటుంబమునకు ఒక ప్రయాణము తగ్గినచో ఇద్దరి దినకూలి మిగులును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మంచి ఉద్దేశముతోనే కొందరు గ్రామసభలో నిలబడి, ఫలానా వారి బిడ్డకు ఫలానా జబ్బు, అందరము సాయము చేయవలెనని ప్రకటింతురు. ఆ ఇంట పెండ్లికెదిగిన ఆడపిల్ల ఉండవచ్చును. ఆ మాట ఆమె సంబంధమును చెరచును. కొన్ని రుగ్మతలలో పుట్టిన బిడ్డ ఆడయో మగయో చూచి చెప్పుట కష్టమగును. ఆ సంగతి నలుగురిలో పడినచో కుటుంబము ఊరు విడిచిపోవును. బిడ్డ ఫోటోను ఫోనులలో పంపుట అంతకంటె కీడు. గ్రామసభలో చెప్పదగినది సాధారణ విషయము. పేరు గల విషయము ఆ ఇంటి గడప లోపలనే ఉండవలెను. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీలో సంఖ్య చెప్పుడు, పేరు చెప్పకుడు.

మేనరికములను గూర్చి కూడ ఒక మాట. అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర బిడ్డలు పెండ్లాడినచో వారి వంశబీజములలో ఎనిమిదవ వంతు ఉమ్మడిగా ఉండును. మేనమామ అక్క కూతురును పెండ్లాడినచో నాలుగవ వంతు. అందుచేత దాగియున్న దోషము ఇరువైపుల నుండి వచ్చి బిడ్డలో బయటపడు అవకాశము హెచ్చును. 100లో ఇద్దరు ముగ్గురు అనుకొన్న చోట సుమారు నలుగురు నుండి ఆరుగురని చెప్పవచ్చును. అనగా మేనరికపు బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యవంతులే. మేనరికము లేని ఇండ్లలోను ఈ రుగ్మతలు రాక మానవు. జరిగిపోయిన పెండ్లిని ఎత్తిపొడుచుట వలన ప్రయోజనము లేదు. కాని తలసీమియా వంటి వ్యాధిలో తల్లిదండ్రులిద్దరును వాహకులైనచో, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అపాయముండును. ఒక బిడ్డకు వచ్చినది గదా, తరువాతి ముగ్గురికి రాదు అని లెక్క వేయువారు కలరు, అది తప్పు. ప్రతి కాన్పునకు లెక్క మొదటి నుండి మొదలగును. రెండవ గర్భమునకు ముందే జన్యు వైద్యుని సలహా పొందవలెనని ఆ దంపతులకు చెప్పుట, వారి మనస్సు నొవ్వకుండ చెప్పుట, ఊరి పెద్దలు చేయగల గొప్ప ఉపకారము. తలసీమియా బిడ్డలకు రెండు నుండి నాలుగు వారములకొక మారు రక్తము ఎక్కింపవలెను. 1998 నుండి హైదరాబాదులో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఈ పనియే చేయుచున్నది. మన ఊరి యువకులు రక్తదాన శిబిరము పెట్టునపుడు ఆ బిడ్డలను తలచుకొనవలెను.

ధనమును గూర్చి కొంత. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో పుట్టు గుండెజబ్బుల శస్త్రచికిత్సలు, పుట్టు చెవుడు గల పసివారికి చెవి లోపల అమర్చు యంత్రము మున్నగునవి చేర్చబడినవి. తెలంగాణములో 2023 డిసెంబరు నుండి కుటుంబమునకు 10 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచబడినది. కార్డులో బిడ్డ పేరు లేక పలువురు ఆసుపత్రి మెట్ల మీద నిలిచిపోవుచున్నారు. పుట్టుకను 21 దినములలో నమోదు చేయించి, పేరు పెట్టిన వెంటనే దానిని పత్రములో ఎక్కించి, కార్డులో చేర్పించుట పంచాయతీ కార్యదర్శి తోడ్పాటుతో తేలికగా జరుగవలసిన పని. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులు కూడ అందులో కలవు. చూచుటకు అవయవములన్నియు చక్కగా ఉన్నవి గదా, వీనికి సదరం సర్టిఫికెట్టు ఎందుకని అడుగువారికి ఈ చట్టము చూపుడు.

మరీ అరుదైన వ్యాధులకు భారత ప్రభుత్వము 2021లో ఒక జాతీయ విధానమును ప్రకటించి, 2022లో సహాయ పరిమితిని 50 లక్షల రూపాయల వరకు పెంచినది. దీనికి నియమింపబడిన కేంద్రములలోనే పేరు నమోదు కావలెను. హైదరాబాదులో నిజాం వైద్య విజ్ఞాన సంస్థయు, ఉప్పలులోని డి.ఎన్.ఏ. పరిశోధనా కేంద్రమైన సి.డి.ఎఫ్.డి.యు కలిసి ఆ బాధ్యత వహించుచున్నవి. ఇది అన్నింటికి చాలునని మేము చెప్పము. వెన్నుపూస నరముల క్షీణత అను వ్యాధికి వాడు ఒక సూదిమందు ఒక్క మోతాదు ధర సుమారు 16 కోట్లు. అట్టి ఇంట 50 లక్షలు ఏ మూలకును రావు. అయినను పేరు నమోదు కానిచో ఆ 50 లక్షలును రావు, ఔషధ పరిశోధనల కబురును రాదు. చందాలు పోగుచేయుటకు ముందు నిజాం ఆసుపత్రిలో నమోదు చేయించితిరా యని అడుగుడు. పొలము అమ్ముటకు ముందు కూడ అదియే అడుగుడు. చికిత్స లేని జబ్బునకు చికిత్స చేయుదుమని వచ్చు పసరు మందుల వారికి ఎకరములు ధారపోసిన కుటుంబములను మేము చూచియున్నాము.

చికిత్స లేని బిడ్డలు కొందరుందురు. వైద్యుడు ఆ మాట చెప్పిన దినమున తల్లిదండ్రులు ఒంటరిగా బస్సెక్కి ఇంటికి రాగూడదు. ఆ బిడ్డకును నొప్పి తగ్గించు మందు, మెత్తని ఆహారము, ఒరుసుకొని పుండ్లు పడకుండ త్రిప్పి పడుకోబెట్టు తోడు కావలెను. ఆ తల్లి ఒక పూట నిద్రించుటకు ఎవరైన బిడ్డ వద్ద కూర్చుండవలెను. స్వయం సహాయక సంఘముల స్త్రీలు వంతులు వేసికొని ఈ పని చేయగలరని మా నమ్మకము. వారి సభలో మేము అడిగిన పిమ్మట ఇద్దరు చేతులెత్తినారు. ఇద్దరే యైనను వారానికి రెండు పూటలు దొరకినవి.

ఒక పుట కాగితపు నమూనాలను కొన్నింటిని మేము వెంట తెచ్చినాము. అవి ఆ బల్ల మీద, ఆశా కార్యకర్తల వద్ద ఉన్నవి. మీ వార్డులో ఎన్ని కావలెనో లెక్క చూచుకొని తీసికొనుడు. ఎవరికొఱకో మాకు చెప్పనక్కరలేదు.